పళ్ల జిగురు ట్యూబు తొందరగా అయిపోతోందా?

అమెరికాలోని డాలస్‌లో, టెక్సస్ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి చెందిన నరాల వైద్యులు 2008లో ‘న్యూరాలజీ’ పత్రికలో ఒక నివేదిక ప్రచురించారు. నలుగురు రోగుల సంగతి అది. నలుగురికీ నరాల జబ్బు. నలుగురి రక్తంలోనూ రాగి బాగా పడిపోయింది, జింక్ పెరిగి ఉంది. జింక్ అంతగా ఒంట్లోకి ఎలా చేరిందని ఆరా తీస్తే వేరే ఏ దారీ కనబడలేదు. మిగిలింది ఒక్కటే. నలుగురూ కట్టుడు పళ్లు పెట్టుకునేవాళ్లు. అవి జారకుండా వాడే క్రీమును వారానికి రెండు ట్యూబులు, అంతకు మించి కూడా వాడుతున్నారు. ఆ క్రీముల్లో జింక్ ఉంది. క్రీము మానేసి రాగి మందు తీసుకున్న ఇద్దరికి నరాల పరిస్థితి కాస్త మెరుగుపడింది. కాస్త మాత్రమే.

ఈ సంగతి వెలుగులోకి వచ్చి చాలా ఏళ్లయింది. అయినా కట్టుడు పళ్లున్న తెలుగు ఇళ్లలో ఇది తెలిసినవాళ్లు అరుదు. ముసలివాళ్లు వాడే వస్తువు గనక ఎవరూ పట్టించుకోరు. బీపీ మాత్ర ఎన్ని మిల్లీగ్రాములో కొడుక్కి తెలుసు, షుగర్ ఎంతుందో కోడలికి తెలుసు. నాన్న పళ్ల సెట్టుకు ఏ క్రీము రాస్తున్నాడో, నెలకు ఎన్ని ట్యూబులు ఖర్చవుతున్నాయో ఆ ఇంట్లో ఎవరూ చెప్పలేరు. ఈ నిర్లక్ష్యం ప్రమాదకరమని హెచ్చరించడానికే ఈ మాటలు.

లెక్క చూద్దాం. డాలస్ వైద్యులు పరీక్షించిన క్రీముల్లో గ్రాముకు సుమారు 17 నుంచి 34 మిల్లీగ్రాముల జింక్ ఉంది. మామూలు ట్యూబు 68 గ్రాములు. వారానికి రెండు ట్యూబులంటే రోజుకు 19 గ్రాములకు పైమాట. అంటే నోట్లోకి రోజూ 330 నుంచి 660 మిల్లీగ్రాముల జింక్ వెళ్తోందన్నమాట. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన ప్రమాణాల ప్రకారం పురుషులకు రోజుకు 17 మిల్లీగ్రాములు, స్త్రీలకు 13.2 మిల్లీగ్రాముల జింక్ చాలు. పెద్దవాళ్లెవరూ 40 దాటకూడదు. నోట్లో రాసుకున్న క్రీము నోట్లోనే ఉండిపోదు. లాలాజలంలో నానుతుంది, అన్నంతో, కాఫీతో కలిసి కొంచెం కొంచెంగా కడుపులోకి దిగుతుంది. ఎంత ఎక్కువ రాస్తే అంత ఎక్కువ జారుతుంది.

జింక్ మన ఒంటికి అవసరమైనదే. ఎక్కువైతే అది చేసే నష్టం మాత్రం చాటుమాటుగా జరుగుతుంది. పేగు లోపలి పొరలో ఉండే కణాలు జింక్ పోటెత్తినప్పుడు మెటల్లోథయోనిన్ అనే ప్రొటీన్‌ను ఎక్కువగా తయారుచేస్తాయి. ఈ ప్రొటీన్‌కు జింక్ కన్నా రాగి అంటే మక్కువ ఎక్కువ. తిండిలో వచ్చిన రాగిని పట్టుకుని తనలోనే ఉంచేసుకుంటుంది, రక్తంలోకి పోనివ్వదు. నాలుగైదు రోజుల్లో ఆ కణాలు రాలి మలంతో పాటు బయటికి పోతాయి, రాగి కూడా వాటితోనే పోతుంది. ఒంట్లో రాగి పేరుకుపోయే విల్సన్ జబ్బుకు వైద్యులు జింక్ మందునే ఇస్తారు, సరిగ్గా ఈ కారణంగానే. అక్కడ మందుగా పనిచేసేదే, అవసరం లేని మనిషిలో నెలల తరబడి పనిచేస్తే ఒంట్లో రాగి అడుగంటుతుంది.

రాగి లేకపోతే ఎముక మజ్జలో రక్తకణాల తయారీ దెబ్బతింటుంది. రక్తం తగ్గుతుంది, తెల్లకణాలు తగ్గుతాయి. వెన్నుపాము దెబ్బతింటుంది. మొదట అరికాళ్లలో తిమ్మిరి, చీమలు పాకినట్టు. తరవాత కింద కాలు ఎక్కడ పడుతోందో తెలియదు, చీకట్లో నడిస్తే తూలుతారు. కొంతకాలానికి చేతికర్ర కావాలి, ఆపైన వాకరు, ఆపైన చక్రాల కుర్చీ. రాగి మందులిస్తే రక్తం చాలావరకు కోలుకుంటుంది. నరాలు అలా కోలుకోవు. వెన్నుపాముకు జరిగిన నష్టంలో చాలాభాగం అలాగే మిగిలిపోతుంది. అందుకే ఈ జబ్బును ఎంత ముందుగా పసిగడితే అంత మేలు.

మన దగ్గర కష్టం అక్కడే. అరవై దాటిన మనిషి కాళ్లు తిమ్మిర్లంటే ఇంట్లో వచ్చే మొదటి మాట ‘షుగర్ వల్ల’ అనే. షుగర్ లేకపోతే ‘వయసు మీద పడింది’ అంటారు. ఊళ్లో ఆర్‌ఎంపీ బీ12 ఇంజెక్షన్లు పొడుస్తాడు. రాగి లోపంతో వచ్చే వెన్నుపాము జబ్బు, బీ12 లోపంతో వచ్చే జబ్బు అచ్చంగా ఒకేలా కనిపిస్తాయి. పట్నంలో పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్లినా ‘మీవి కట్టుడు పళ్లా? వాటికి ఏం రాస్తారు?’ అని అడిగేవాళ్లు ఎందరు? రోగి తనంతట తాను చెప్పడు. పళ్లకూ కాళ్లకూ సంబంధం ఉంటుందని ఎవరు మాత్రం ఊహిస్తారు! పైగా కరోనా కాలంలో అలవాటైన జింక్ మాత్రలను ‘ఇమ్యూనిటీకి మంచిది’ అంటూ ఇప్పటికీ మింగుతున్న పెద్దలున్నారు. మాత్రలో కొంత, క్రీములో కొంత కలిస్తే హద్దు దాటడానికి ఎంతోసేపు పట్టదు.

విదేశాల్లో ఏం జరిగిందో కూడా చెప్పుకోవాలి. గ్లాక్సోస్మిత్‌క్లైన్ కంపెనీ 2010 ఫిబ్రవరిలో జింక్ కలిసిన తన సూపర్ పాలిగ్రిప్ పళ్ల క్రీము రకాల తయారీని, అమ్మకాన్ని ఆపేసింది. మరుసటి ఏడు ఫిబ్రవరిలో అమెరికా ఆహార, ఔషధ సంస్థ తయారీదారులందరికీ లేఖ రాసింది. జింక్ వల్ల వచ్చే ముప్పు ఏమిటో, జింక్ ఉందో లేదో లేబుల్ మీద చెప్పండని, వీలైతే జింక్ బదులు వేరే పదార్థం వాడండని కోరింది. పైనా కిందా సెట్టు ఉన్న మనిషికి 68 గ్రాముల ట్యూబు ఏడెనిమిది వారాలు రావాలని కూడా ఆ సంస్థే చెప్పింది. ఈ ఒక్క వాక్యం ప్రతి ఇంట్లో అందరికీ తెలిసి ఉంటే చాలా అనర్థం తప్పుతుంది. ఇదే లెక్క తిరగేస్తే, ఏడెనిమిది వారాలకు ఒక ట్యూబు చొప్పున పద్ధతిగా వాడినా, జింక్ ఎక్కువగా ఉన్న రకాల్లో రోజుకు 40 మిల్లీగ్రాముల దరిదాపుల్లోకి వెళ్తుంది. అదంతా మింగుతామని కాదు, మింగిందంతా రక్తంలోకి పోతుందనీ కాదు. కానీ జింక్ లేని రకం దొరుకుతున్నప్పుడు ఆ అంచు దాకా వెళ్లాల్సిన అవసరం ఎవరికుంది?

న్యాయం కోసం ఇంకొక మాట. ఫ్లోరిడాలోని ఫెడరల్ కోర్టులో, ఈ క్రీముల వల్ల జబ్బు పడ్డామంటూ వేసిన దావాలన్నీ ఒకచోట చేర్చి విచారించారు. ప్రోక్టర్ అండ్ గ్యాంబుల్ వారి ఫిక్సోడెంట్ క్రీము మీద ఒక మహిళ వేసిన దావాలో, క్రీమే జబ్బుకు కారణమని చెప్పిన నిపుణుల సాక్ష్యం శాస్త్రీయంగా సరిపోదని 2011లో ఆ కోర్టు పక్కన పెట్టింది. 2014లో పై కోర్టూ దాన్నే సమర్థించింది. కాబట్టి శనగగింజంత రాసుకునే ప్రతివాళ్లూ మంచాన పడతారని భయపెట్టడం తప్పు. జబ్బు పడ్డవాళ్లుగా వైద్య పత్రికలకెక్కినవాళ్లు ఏళ్ల తరబడి మోతాదు మించి వాడినవాళ్లే. అయితే కోర్టులో రుజువుకు కావలసిన కొలత వేరు, ఇంట్లో జాగ్రత్తకు కావలసిన కొలత వేరు. వెన్నుపాము విషయంలో రుజువు దొరికేదాకా ఆగడం మాకు వివేకం అనిపించదు.

ఇక అసలు ప్రశ్న. మనిషి వారానికి రెండు ట్యూబులు ఎందుకు పూసుకుంటాడు? రుచి కోసం కాదు, సరదాకూ కాదు. సెట్టు వదులైపోయింది గనక.

పళ్లు పీకేశాక దవడ ఎముకకు పని తగ్గుతుంది. పని తగ్గిన ఎముక కరుగుతుంది. మొదటి ఏడాది వేగంగా, తరవాత మెల్లగా, జీవితాంతం. టాల్‌గ్రెన్ అనే పరిశోధకురాలు పాతికేళ్ల పాటు కట్టుడు పళ్లవాళ్లను పరిశీలించి 1972లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, కింది దవడ పై దవడకన్నా దాదాపు నాలుగు రెట్లు ఎక్కువగా అరుగుతుంది. పై సెట్టుకు అంగిలంతా ఆసరా, పలుచటి లాలాజలపు పొర అతుక్కుని పట్టి ఉంచుతుంది. కింది సెట్టుకు గుర్రపు నాడా ఆకారంలో సన్నటి గట్టు తప్ప మరేమీ లేదు, పైగా నాలుక నిరంతరం దాన్ని ఎగదోస్తుంటుంది. ఇవాళ అచ్చు తీసి చక్కగా అమర్చిన సెట్టు అయిదేళ్లకు అదే నోట్లో వదులవుతుంది. సెట్టు మారలేదు, నోరు మారింది. బీపీకి, నిద్రకు, దిగులుకు వాడే మందులు కొన్ని నోరు ఆరిపోయేలా చేస్తాయి. లాలాజలం తగ్గినా పట్టు తగ్గుతుంది.

ఈ ఖాళీని క్రీము నింపుతుంది. నీళ్లు పీల్చి ఉబ్బి, జిగటగా మారి, ఎముక కరిగిన మేరకు మెత్తలా అమరుతుంది. హాయిగానే ఉంటుంది. పెళ్లి భోజనంలో పళ్లు ఊడి పడతాయన్న బెంగ తీరుతుంది. మనవడు ‘తాతా, నీ పళ్లు టకటకలాడుతున్నాయి’ అనడు. మనిషికి మర్యాద పెద్ద అవసరం, ఆ మర్యాద కోసం రాసుకునేవాళ్లను మేము చిన్నచూపు చూడం. కానీ ఆ ఖాళీ ఏటా పెరుగుతుంది, పెరిగినకొద్దీ క్రీమూ పెరుగుతుంది. నెలకొక ట్యూబు రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. మనిషికి తెలియకుండానే మోతాదు మారిపోతుంది. వదులైన సెట్టు ‘డాక్టరు దగ్గరికి పద’ అని చెబుతుంటే క్రీము ఆ మాట వినబడనివ్వడం లేదు. జింక్ లేని క్రీము వాడినా ఈ ప్రమాదం తప్పదు.

వదులు సెట్టు చిగురు మీద రోజుకు వేలసార్లు ఒరుసుకుంటుంది. పుండ్లు పడతాయి. సెట్టు అంచు తగిలే చోట కండ మడతలుగా పెరుగుతుంది, అలా పెరిగినదాన్ని కోసి తీయాల్సి రావచ్చు. ఒత్తిడి సరిగా పడక ఎముక మరింత తొందరగా అరుగుతుంది. క్రీము పొర కింద, ముఖ్యంగా రోజూ పూర్తిగా కడగని సెట్టు కింద, కాండిడా అనే బూజు చేరి అంగిలి ఎర్రగా కందిపోతుంది. చాలామందికి నొప్పి కూడా ఉండదు, అందుకే తెలియదు. అన్నిటికన్నా భయపడాల్సింది మానని పుండు. రెండు వారాలు దాటినా మానని పుండు, తెల్లమచ్చ, ఎర్రమచ్చ ఏదైనా సరే, క్యాన్సర్ కాదని తేలేదాకా తేలిగ్గా తీసుకోకూడదు. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల్లో అడ్డపొగ తాగే అలవాటున్న అమ్మలున్నారు. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుంటారు కాబట్టి ఆ వేడీ పొగా తగిలేది అంగిలికే, క్యాన్సర్ వచ్చేదీ అంగిలికే. ఆ అంగిలినే పై సెట్టు కప్పేస్తుంది. దానికి క్రీము పూసి, రోజంతా, రాత్రంతా తీయకుండా ఉంచితే కింద ఏం జరుగుతోందో ఆ అమ్మకూ తెలియదు, చూసేవాళ్లకూ తెలియదు. పొగాకు అలవాటున్న కట్టుడు పళ్లవాళ్లు ఏడాదికి ఒకసారైనా సెట్టు తీసి నోరు చూపించుకోవాలి. ఇందులో మినహాయింపు లేదు.

‘మాది ప్రకృతి సిద్ధమైన పొడి, జింక్ లేదు’ అనేవాళ్లుంటారు. ఈ పొడికీ మన నేలకూ సంబంధం ఉంది. నల్లమలలో చెంచులు సేకరించే తపసి జిగురును గిరిజన సహకార సంస్థ కొంటుంది. కరాయ గమ్ అన్న పేరుతో అది దేశదేశాలకు వెళ్తుంది. నీళ్లు తగిలితే ఎన్నో రెట్లు ఉబ్బి జిగటగా పట్టుకునే గుణం వల్ల పళ్ల సెట్ల పొడుల్లో దాన్ని చాలాకాలంగా వాడుతున్నారు. మంచి సరుకే. అయితే అందులో పులుపు గుణం ఉంది, తడిసినప్పుడు ఎసిటిక్ ఆమ్లం వదులుతుంది. సొంత పళ్లు కొన్ని మిగిలి ఉండి, వాటి మధ్య సగం సెట్టు పెట్టుకునేవాళ్లకు ఆ పులుపు మిగిలిన పళ్ల ఎనామిల్‌ను తినేస్తుంది. చెట్టు నుంచి వచ్చింది గనక ఎంత వాడినా ఫరవాలేదనుకోవడం పొరపాటు.

పొడీ క్రీమూ ఖరీదనో, దొరకలేదనో ఇంకా ప్రమాదకరమైన పనులు చేసేవాళ్లున్నారు. విరిగిన సెట్టును చెప్పులు, బొమ్మలు అతికించే గట్టి గమ్‌తో అతికిస్తారు. ఆ గమ్‌లు నోట్లో పెట్టుకోవడానికి తయారుచేసినవి కావు. చిగురును కాలుస్తాయి. ఇంట్లో అతికించిన సెట్టు మునుపటి కొలతకు రాదు, కొరికినప్పుడు అక్కడే మళ్లీ విరుగుతుంది. విరిగిన ముక్క గొంతులోకి జారితే ప్రాణం మీదికి వస్తుంది. ఇంకొందరు డిగ్రీ, రిజిస్ట్రేషన్ లేనివాళ్ల దగ్గరికి వెళ్లి, ఊడిపోయిన పళ్ల చోట ‘ఫిక్సుడు పళ్లు’ కట్టించుకుంటారు. తక్కువ ఖర్చులో, అరగంటలో, పక్క పళ్లకు అక్రిలిక్ ముద్ద అతికించి వదిలేస్తారు. అది తీయడానికి రాదు, కడగడానికి రాదు. కింద చిగురు కుళ్లి, ఆసరాగా ఉన్న మంచి పళ్లూ కదిలిపోతాయి. మన దేశంలో పళ్ల వైద్యం చేయాలంటే రిజిస్ట్రేషన్ ఉండాలని 1948 నాటి దంతవైద్యుల చట్టం నుంచీ ఉంది. చట్టం కాగితం మీదే ఉన్నంత కాలం ఈ దుకాణాలు నడుస్తూనే ఉంటాయి.

ఇన్ని చెప్పాక సరైన పద్ధతి కూడా చెప్పాలి. పళ్ల జిగురు మానేయమని మేము అనడం లేదు. బాగా అమరిన సెట్టుకు కూడా కొంచెం క్రీము వాడితే నమలడం తేలికవుతుంది, చిన్న తునకలు కిందికి చేరవు. నోరు ఆరిపోయేవాళ్లకు, పక్షవాతంతో మూతి ఒకవైపుకు పోయినవాళ్లకు, చేతులు, దవడ వణికేవాళ్లకు అది నిజమైన సాయం.

మొదట సెట్టును శుభ్రంగా కడిగి తుడిచి ఆరనివ్వాలి. నోరు నీళ్లతో పుక్కిలించాలి. పై సెట్టుకు శనగగింజంత బొట్లు మూడు నాలుగు, కింది సెట్టుకు మూడు. అంతే. అంచుల దగ్గర పెట్టకూడదు. సెట్టు పెట్టుకుని కొన్ని క్షణాలు గట్టిగా నొక్కి, పళ్లు కరిచి పట్టుకోవాలి. పక్కల నుంచి క్రీము బయటికి ఉబికి వచ్చిందంటే ఎక్కువ పెట్టినట్టే, రేపు తగ్గించాలి. పొడి అయితే దీనికి భిన్నం. సెట్టు తడిగా ఉన్నప్పుడు పలుచగా చల్లి, మిగిలింది దులిపేయాలి. రోజుకు ఒక్కసారి చాలు. మధ్యాహ్నానికే మళ్లీ రాయాల్సి వస్తోందంటే తప్పు సెట్టులో ఉంది. పళ్లు పీకించుకున్న పచ్చి పుండు మీద డాక్టరు చెప్పకుండా రాయకూడదు. అమెరికాలోని కట్టుడు పళ్ల నిపుణుల (ప్రోస్థోడాంటిస్టుల) సంఘం 2011లో ప్రకటించిన మార్గదర్శకాలు మరో మాట చెప్పాయి. డాక్టరుకు చూపించకుండా ఆరు నెలలకు మించి క్రీము వాడొద్దని, జింక్ ఉన్నవి అసలు వాడొద్దని.

కొనేటప్పుడు లేబుల్ చదవాలి. కొన్ని రకాల మీద ‘జింక్ ఫ్రీ’ అని పెద్దగా ఉంటుంది. కొన్నిటి మీద పదార్థాల వరసలో ‘కాల్షియం/జింక్ పీవీఎం/ఎంఏ కోపాలిమర్’ అని చీమల్లాంటి అక్షరాల్లో ఉంటుంది. అదే జింక్. అమెరికా నుంచి పిల్లలు వచ్చేటప్పుడు సూట్‌కేసులో నాలుగైదు ట్యూబులు పడేసి తేవడం మన ఇళ్లలో మామూలైంది. అమ్మానాన్నల మీద ప్రేమతో తెచ్చేవే. కొనే ముందు ఆ పిల్లలే ఒక్క నిమిషం డబ్బా తిప్పి చూడాలి. ఇక్కడ ఇంగ్లిషు చదవలేని అమ్మ దాన్ని పళ్లు తోమే పేస్టులాగా ధారాళంగా వాడుతుందన్న సంగతి గుర్తుంచుకోవాలి.

రాత్రి సెట్టు తీసేయాలి. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా వినరు. భర్త ముందు, కోడలి ముందు బోసినోటితో కనిపించడం ఇష్టంలేక ఏళ్ల తరబడి సెట్టుతోనే పడుకునే స్త్రీలున్నారు. వాళ్ల మనసు అర్థం చేసుకోవాలి, కానీ ముప్పు కూడా చెప్పాలి. టోక్యోలో 85 ఏళ్లు దాటిన 524 మందిని పరిశీలించిన అధ్యయనం ఒకటి 2015లో వచ్చింది. సెట్టుతో నిద్రపోయేవాళ్లకు న్యుమోనియా ముప్పు రెట్టింపుకు మించి ఉందని అందులో తేలింది. నోట్లోని మురికి నిద్రలో ఊపిరితిత్తుల్లోకి జారడమే అందుకు కారణం కావచ్చని పరిశోధకులు భావించారు. రాత్రి తీసినప్పుడు సెట్టుకు పట్టిన క్రీమును గోరువెచ్చటి నీళ్లలో మెత్తటి బ్రష్షుతో పూర్తిగా వదిలించాలి. అంగిలికి, చిగుళ్లకు అంటుకున్నదాన్ని తడి గుడ్డతో మెల్లగా తుడవాలి. నిన్నటి క్రీము మీద ఇవాళ్టి క్రీము రాయడం కన్నా చెడ్డ అలవాటు లేదు. మరిగే నీళ్లలో వేస్తే సెట్టు వంకర పోతుంది. ఉప్పు, బొగ్గు పొడి, పళ్లపొడి, పేస్టు కూడా దాని మీద గీతలు పడేలా చేస్తాయి, ఆ గీతల్లో బూజు చేరుతుంది. కడిగాక నీళ్లలో ఉంచాలి, ఎండనివ్వకూడదు. సెట్టు నానబెట్టే మాత్రలుంటాయి, వాటిని నోట్లో వేసుకోకూడదు, ఆ నీళ్లు పుక్కిలించకూడదు. వాటిలోని పెర్సల్ఫేట్ వల్ల తీవ్రమైన అలర్జీలు వచ్చాయని అమెరికా ఔషధ సంస్థ 2008లోనే హెచ్చరించింది. మతిమరుపు ఉన్న పెద్దలుంటే ఆ మాత్రల డబ్బా వాళ్ల మందుల పెట్టెలో పెట్టకండి.

వదులైన సెట్టుకు వైద్యం ఉంది. లోపలివైపు కొత్త పొర వేసి నోటికి సరిపోయేలా చేయడాన్ని రీలైనింగ్ అంటారు. కొత్త సెట్టు ఖర్చు కన్నా తక్కువలోనే అవుతుంది. ఎముక మరీ అరిగినవాళ్లకు కింది దవడలో రెండు ఇంప్లాంట్లు వేసి, వాటి మీద సెట్టు కూర్చోబెట్టే పద్ధతి ఉంది, కాకపోతే అది ఖరీదు. ప్రభుత్వ దంత కళాశాలల్లో సెట్లు తక్కువ ఖర్చుతో చేస్తారు, పాతవి సరిచేస్తారు. ఆ సంగతి జనానికి చెప్పేవాళ్లు లేరు.

ప్రభుత్వాల పని ఇక్కడ మొదలవుతుంది. పేద వృద్ధులకు కళ్లజోళ్లు, చేతికర్రలు, వినికిడి యంత్రాలతో పాటు కట్టుడు పళ్లూ ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజన 2017లో నెల్లూరులోనే మొదలైంది. మంచి పథకం. కానీ కళ్లజోడు ఇచ్చినట్టు పళ్ల సెట్టు ఇచ్చి పంపేస్తే సరిపోదు. సెట్టు ఇచ్చిన వారానికి ఒరుసుకునే చోట్లు సరిచేయాలి. ఏడాదికి ఒకసారి పిలిచి నోరు చూడాలి. రెండు మూడేళ్లకు పొర వేయాలి. ఇవేవీ లేకపోతే ఆ సెట్టు అల్మరాలో పడి ఉంటుంది, లేదా క్రీముతో అతుక్కుని పుండ్లు చేస్తుంది. శిబిరంలో సెట్టు తీసుకున్న ప్రతి మనిషి పేరూ దగ్గర్లోని దంత వైద్యశాల రిజిస్టరులో ఉండాలని, తరవాతి పరీక్షల ఖర్చు కూడా పథకంలోనే కలపాలని మేము కోరుతున్నాం.

2020 ఏప్రిల్ నుంచి మన దేశంలో వైద్య పరికరాలన్నీ మందుల చట్టం పరిధిలోకి వచ్చాయి. నోట్లో రోజంతా ఉండే ఈ క్రీములు, పొడుల మీద జింక్ ఉందో లేదో, ఉంటే గ్రాముకు ఎన్ని మిల్లీగ్రాములో, ఒక ట్యూబు కనీసం ఎన్ని వారాలు రావాలో ముందువైపు కనబడేలా అచ్చువేయించడానికి ఇంతకన్నా అదను ఉండదు. తెలుగు రాష్ట్రాల్లో అమ్మే డబ్బాల మీద ఆ మాట తెలుగులో ఉండాలి. జింక్ లేని రకాలు తయారవుతున్నప్పుడు జింక్ ఉన్నవాటిని ముసలివాళ్ల నోళ్లకు అమ్ముతూ పోవడానికి సమర్థన లేదు. పదిహేను రోజులకోసారి ఒకే మనిషి ఒకే ట్యూబు కొంటుంటే, మందుల షాపు ఫార్మసిస్టు ‘అయ్యగారూ, సెట్టు వదులైనట్టుంది, ఒకసారి డాక్టరుకు చూపించుకోండి’ అని చెప్పవచ్చు. ఆ ఒక్క మాటకు చట్టమూ అక్కర్లేదు, ఖర్చూ అక్కర్లేదు.

ఏళ్ల తరబడి ఎక్కువ మోతాదులో జింక్ క్రీము వాడిన పెద్దలెవరికైనా కాళ్లు తిమ్మిరెక్కడం, నడక తూలడం, కారణం తెలియకుండా రక్తం తగ్గడం కనబడితే వాడకం వెంటనే ఆపి నరాల వైద్యుణ్ణి కలవాలి. వెళ్లేటప్పుడు ఆ ట్యూబును కూడా సంచిలో పెట్టుకు వెళ్లండి. వారానికి ఎన్ని ట్యూబులు అయిపోతున్నాయో దాచకుండా చెప్పండి. బీ12తో పాటు రక్తంలో రాగి, జింక్, సెరులోప్లాస్మిన్ పరీక్షలు చేయమని అడగండి.